పాడుకాని ఓడకు మరమ్మతు

వన్ టౌన్‌లో ఇనుప సామాను టోకు దుకాణాలకూ బట్టల గోడౌన్లకూ మధ్య, తోపుడుబండి వస్తే మనిషి గోడకు అంటుకుని నిలబడవలసిన ఒక సందులో, టీవీలు బాగుచేసే ఒకతను ఉండేవాడు. అతను టీవీ చూసినట్టు టీవీ చూసిన మనిషిని నేను మరొకరిని ఎరగను. విప్పిన సెట్టు వీపు అతనివైపు, ముఖం వీధివైపు ఉండేది. ఎదుటి గోడకు, గడ్డం గీసుకునే అద్దం ఒకటి, మూల పగిలినది, మేకుకు తగిలించి ఉండేది. చేతులు సెట్టు వెనక తీగల్లో పనిచేస్తుంటే కళ్ళు ఆ అద్దంలో బొమ్మను కనిపెట్టుకుని ఉండేవి. అలా ముప్ఫయ్యేళ్ళపాటు అతను తెరమీది మనుషులందరినీ తిరగేసిన బొమ్మలుగానే చూశాడు.

అతను పోయి ఏడాది దాటింది. ఇప్పుడు రాయడానికి కారణం మా మనవరాలు.

పోయిన నెల ఆ పిల్ల ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"తాతయ్యా, అమ్మ చిన్నప్పుడు మీరు రెండు సీరియళ్ళు చూస్తూ పుస్తకంలో రాసుకునేవారట కదా. రెండూ ఫోన్లోకి వచ్చాయి. ఏది ఇప్పటికీ బాగుంటుంది?"

"అది ఒక్క ముక్కలో చెప్పే ప్రశ్న కాదమ్మా."

"పోనీ, రెండు ముక్కల్లో చెప్పండి."

మొదటి పాట దాటవేయడానికి ఒక మీట, జరిగిన కథ దాటవేయడానికి మరొక మీట ఉన్నాయని కూడా చూపించింది. ఇంత దాటవేసేవాళ్ళకు సీరియల్ ఎందుకో నాకు బోధపడలేదు. ఆ మాట అనేశాను. పిల్ల నవ్వి ఫోను నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. నేను బీరువాలోంచి ఆ సీరియళ్ళ సంగతులు రాసుకున్న పాత రిజిస్టరు తీశాను. తీసినవాణ్ణి ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ రిజిస్టరులో ఆ ఒక్క పేజీ అబద్ధమని నాకు తెలుసు. దాన్ని నిజమని నమ్మి చనిపోయిన మనిషి అతను.

ఆ రెండు సీరియళ్ళూ ఇంగ్లీషులో తీసి తెలుగు మాటలు అతికించినవి. ఆదివారం ఉదయం పది గంటలకు వచ్చేదాన్ని మేము 'ఓడ' అనేవాళ్ళం. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ. వారానికొక కొత్త లోకం. ప్రతివారం ఓడలో ఏదో ఒకటి చెడిపోవడం, గంట తిరిగేలోగా యంత్రాలు చూసే ముసలాయన దాన్ని బాగుచేయడం. చివర కెప్టెన్ తన గదిలో కూర్చుని ఆనాటి సంగతులు పుస్తకంలో రాసుకునేవాడు. సాయంత్రం ఆరు గంటలకు వచ్చేది 'కాలనీ'. నీళ్ళులేని ఒక గ్రహంమీద దిగి ఇక వెనక్కు రాలేని రెండువందలమంది కథ. ఈ వారం వాళ్ళ తొట్టెలో నీరు ఎంత మిగిలిందో వచ్చేవారం కథ సరిగ్గా అక్కడి నుంచే మొదలయ్యేది. అన్నిటికీ అడుగున ఒక రహస్యం ఉండేది: ఆ నీళ్ళను ఎవరు తోడేస్తున్నారు?

నాది ఇరిగేషన్ ఉద్యోగం. కాలువ లాకుల దగ్గర నీళ్ళలో అంకెలు వేసిన బద్ద నిలబెట్టి ఉంటుంది. లస్కరు, అంటే ఆ కాలువను కనిపెట్టుకుని ఉండే పనివాడు, వెళ్ళి నీరు ఏ అంకె దగ్గర ఉందో చూసి రిజిస్టరులో వేయాలి. ఆ రిజిస్టర్లు తనిఖీ చేయడం నా పని. వేసిన అంకె తప్పైతే చెరపడానికి వీల్లేదు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, రాసినవాడు పొట్టి సంతకం చేయాలి. దాని పక్కన, బద్దను కళ్ళారా చూసిన మరొకరు సంతకం చేయాలి. చూడనివాడి సంతకం చెల్లదు. ఒకసారి ఒక లస్కరు లాకుల దాకా పోకుండా, ముందురోజు అంకె చూసుకుని అంచనాగా అంకె వేశాడు. "మెట్లు పాకుడు పట్టినయ్యండీ, నీళ్ళెటూ నిన్నట్లాగే ఉన్నయ్యండీ" అన్నాడు. కొలిస్తే అతను వేసినదానికీ నిజానికీ తేడా ఒక్క అంగుళం. అయినా అతన్ని సస్పెండ్ చేయమని పైకి రాశాను. అంగుళం సంగతి కాదు, చూడకుండా వేయడం సంగతి అని రాశాను. ఆ వాక్యం గురించి చాలా ఏళ్ళు గర్వపడ్డాను.

అటువంటి నాకు 'కాలనీ' నచ్చడంలో వింత లేదు. టీవీలు బాగుచేసే మనిషికి 'ఓడ' నచ్చడంలోనూ వింత లేదు. అయితే మా వాదన అంత తేలిగ్గా తెమిలేది కాదు.

అతను నన్ను 'రిజిస్టరు గారూ' అని పిలిచేవాడు. చెవిమీద స్క్రూడ్రైవరు, మెడలో మడతపెట్టిన తువ్వాలు. సెట్టు విప్పేముందు దాని నెత్తిమీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచేవాడు, చంటిపిల్లకు జ్వరం చూసినట్టు. ఏ సెట్టునైనా 'పోయింది' అని అతను అనగా నేను వినలేదు. "అలిసిపోయిందండీ" అనేవాడు. "బొమ్మ లోపలే ఉంటదండీ. బయటికి రావటానికి మొరాయిస్తంది, అంతే." పక్క దుకాణాలవాళ్ళు చేతులెత్తేసిన సెట్లను తెచ్చి అటకమీద పెట్టుకుని, తీరికున్నప్పుడల్లా ఒకదాన్ని దించి చూస్తుండేవాడు. ఇవన్నీ ఎవరికని అడిగితే, "ఎవరికీ కాదండీ, తెరిచి చూడకుండా ఎట్టా వదిలేస్తాం?" అనేవాడు.

ఆదివారాలు ఒక సెట్టును వీధివైపు తిప్పి పెట్టేవాడు. బల్లమీద నలుగురైదుగురు కూర్చునేవారు: హమాలీలు, టీకొట్టు మనిషి, ఎవరైనా సరుకు కోసం వచ్చిన కంకిపాడు షావుకారు. వాళ్ళు తిన్నగా చూస్తుంటే అతను వెనకనుంచి అద్దంలో చూసేవాడు.

"నీ 'ఓడ'కు వెన్నెముక లేదయ్యా," అనేవాణ్ణి నేను. "పోయినవారం విరిగిన చెయ్యి ఈ వారానికి అతుక్కునే ఉంటుంది. దానికి లెక్కా పత్రం ఏమన్నా ఉందా? ఇరవై ఏళ్ళ తరవాత దీన్ని ఎవడు చూస్తాడు?"

"ఇరవయ్యేళ్ళ తర్వాతైనా ఎవడన్నా దారిన పోతా వచ్చి ఈ బల్లమీద కూర్చున్నాడనుకోండి. 'ఓడ' అయితే ఆ వారం కథ ఆడికి సరిపోద్ది. మీ 'కాలనీ' చూడాలంటే మొదట్నుంచీ హాజరు వేయించుకోవాలండీ. ఒక్కవారం జ్వరమొస్తే మనిషి ఫెయిలే."

బల్లమీదివాళ్ళు నవ్వేవారు. "అయినా నీళ్ళెవరు తోడేస్తన్నారో తెలిసిపోయినాక మళ్ళీ చూస్తారా అండీ మీరు? చెప్పండి." నేను ఆ ప్రశ్నను నోట్ చేసుకునేవాణ్ణి. అతని వాదనలు కూడా నా రిజిస్టరులో ఉన్నాయి, ఎడమ పేజీలో.

నా రాతమీద అతనికి ఉన్న గురి నాకే భయం పుట్టించేది. కథలో ఏదైనా తేడా వస్తే, "ఆగండి, రిజిస్టరు గారి పుస్తకంలో పడిందే ఖాయం" అని తీర్పు ఇచ్చేసేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఆ తీర్పుకు తలవంచలేదు.

ఆ ఆదివారం నా సెట్టు అతని దగ్గరే ఉంది. నేనూ రిజిస్టరు పట్టుకుని బల్లమీద కూర్చున్నాను. 'ఓడ' అయిపోయింది. వచ్చేవారం ఆఖరు భాగమని వేశారు. నేను పాత్రల పట్టీ సరిచూసుకుంటూ, కెప్టెన్ కుడిచేత్తో రాస్తాడని రాసినది పైకి చదివాను.

"ఎడమచేత్తోనండీ," అన్నాడు సెట్టు వెనకనుంచి.

"నువ్వు చూసేది అద్దంలోనయ్యా."

"అందుకేనండీ చెప్తంట. అద్దంలో కుడిచేత్తో రాస్తన్నట్టు కనపడతాడు. అంటే ఎడం."

"అద్దంలో చూసేవాడికి కుడేదో ఎడమేదో ఒక నమ్మకమా?" అని గొంతు పెంచాను. బల్లమీదివాళ్ళను అడిగితే ఒకడు కుడి అన్నాడు, ఒకడు ఎడమ అన్నాడు, మిగిలినవాళ్ళు ఆ చెయ్యే చూడలేదన్నారు.

అప్పుడతను సెట్టు పక్కనుంచి తల బయటపెట్టి, ఎగతాళి లేకుండానే, "మీరు మాత్రం ఎట్టా చూస్తారండీ? ఆయన రాసుకునేటప్పుడే గదా మీరూ తలొంచుకుని రాసుకునేది!" అన్నాడు.

సందంతా నవ్వింది. టీకొట్టు మనిషి చేతిలోని గ్లాసు కిందపెట్టి మరీ నవ్వాడు. నేను నవ్వలేదు. అది నిజమని నాకు ఆ క్షణానే తట్టింది. ప్రతివారం కెప్టెన్ కలం తీసే వేళకు నా కళ్ళు నా కాగితంమీద ఉండేవి.

మధ్యాహ్నం నా సెట్టు రిక్షాలో పెట్టించి, అతను వెనకాలే మా ఇంటికి వచ్చాడు. "రిజిస్టరు గారూ, మా ఇంటిదానికి ఆపరేషను. వచ్చే ఆదివారం నేను ఆసుపత్రిలోనే ఉంటానండీ. ఆఖరు భాగం మీరు చూసి రాసిపెట్టండి. వచ్చి చెప్పించుకుంటా. ఆ చెయ్యి సంగతి కూడా కాస్త చూడండి," అన్నాడు. "అలాగే," అన్నాను.

ఆదివారం పది గంటలైంది. బాగుచేసిన సెట్టు ఎదురుగానే ఉంది. నేను దాన్ని పెట్టలేదు. బల్లదగ్గర కూర్చుని, కలం తీసి, తేదీ వేసి, రాయడం మొదలుపెట్టాను: 'ఓడను నడిపే పెద్ద యంత్రం పగిలినది. తెరిచి చూచిరి. మరమ్మతుకు వీలుపడలేదు. అందరును ఓడను వదలి వెళ్ళిపోయిరి.' పాత్రల పట్టీలో 'కుడిచేయి' పక్కన 'సరిచూడడమైనది' అని కూడా రాశాను. పదకొండు గంటలకు కలం మూసి భోజనానికి లేచాను.

బుధవారం అతను వచ్చాడు. నేను ఉన్నది ఉన్నట్టు చదివాను. అతను చెవిమీది స్క్రూడ్రైవరు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వదిలేశారా అండీ?"

"వదిలేశారు."

"ఎవరు తెరిచారండీ యంత్రం? ఆ ముసలాయనేనా?"

"ఆయనే."

"ఆయన తెరిచి చూసి కూడా వదిలేశాడా?" అని అడిగాడు. చెయ్యి సంగతి తనకు తానుగా అడగలేదు. నేనే చెప్పాను, కుడి అని. "అట్టాగా," అన్నాడు. "మీరు చూశారుగా, ఇంకేం."

ఆ తరవాత ఒకసారి ఒక హమాలీ బల్లమీద కూర్చుని, "ఓడ బాగయ్యి ఎల్లిపోయిందిగా మేస్త్రీ, నేను చూశా" అన్నాడు. అతను ఆ హమాలీని కసిరాడు: "నువ్వు టీ తాగతా చూసుంటావు. ఆయన రాసుకున్నారు!" హమాలీ నోరు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. ఆ రోజు నోరు విప్పి ఉంటే సరిపోయేది. సందులో మరొకసారి నవ్వేవారు, అంతే.

పందొమ్మిదేళ్ళు గడిచాయి. సందులోని దుకాణంలో పని తగ్గింది. పల్చటి టీవీలు వచ్చాక అద్దంతో అవసరం లేకపోయినా అది మేకుకు అలాగే ఉండేది. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అతను లేచి వచ్చి, ఏ పలకరింపూ లేకుండా మొదలుపెట్టేవాడు.

"రిజిస్టరు గారూ, గాలి తోలే యంత్రం ఒకటి ఉండాలి గదండీ ఓడలో. పెద్దది పగిలితే దాన్ని తిప్పి కట్టొచ్చు."

"అది చిన్నదయ్యా."

"చిన్నదే. నిదానంగా పోద్ది. పోవటమైతే పోద్ది గదా."

మరొకసారి, "ముసలాయనకి ఆరోజు ఒంట్లో బాగుందా అండీ? లేకపోతే ఆయన వదలడు." ఇంకొకసారి పాత బిల్లు వెనక గీసిన బొమ్మ చూపించాడు. ఓడ పొట్ట, అందులో యంత్రాలు, వాటిమధ్య ఎర్ర పెన్సిలుతో తీగలు. నేను ప్రతిదానికీ ఒక అభ్యంతరం కల్పించి చెప్పేవాణ్ణి. నేను చూడని ఓడలో, లేని పగులును, ఏటేటా ఇంకాస్త లోతు చేస్తూ పోయాను.

చివరిసారి అతన్ని కంకిపాడులో చూశాను. షుగరు వల్ల ఒక కాలు తీసేశారు. దుకాణం మూసి, భార్య పుట్టింటివారి ఊరికి వచ్చి ఉంటున్నారు. మంచంమీద కూర్చుని దిండు కిందనుంచి కాగితం తీశాడు.

"ఇది తప్పకుండా పన్జేస్తదండీ. మీరు చెప్పిన అడ్డంకులన్నీ చూసుకునే గీశాను. మీ పుస్తకంలో ఆ పేజీలో కిందనెక్కడన్నా ఒక్క మాట రాయండి, 'బాగవటానికి వీలుంది' అని."

నేను ఏమన్నానో కూడా నా రిజిస్టరులో ఉంది. "జరగనిది నేను రాయనయ్యా," అన్నాను.

"అవున్లెండి. అది న్యాయమే," అని కాగితం మడిచి మళ్ళీ దిండు కింద పెట్టుకున్నాడు. ఆరు నెలలకు కబురు వచ్చింది.

మా మనవరాలి ఫోనులో ముందు 'కాలనీ' చూశాను. నీళ్ళు తోడేదెవరో నాకు తెలుసు కనుక, దాచిపెట్టిన ఆధారాలన్నీ మొదటి వారంలోనే కనిపించి, మిగిలినదంతా ఎప్పుడవుతుందా అనిపించింది. పధ్నాలుగో భాగం దగ్గర నిద్రపోయాను. 'ఓడ' ఎక్కడో మధ్యలో పెట్టి చూశాను, లేవలేకపోయాను. మా మనవరాలు వంటింట్లోకి వెళ్తూ ఆగి, గుమ్మంలోనే నిలబడి ఒక భాగం ఆసాంతం చూసింది. దానికి ముందుకథ ఒక్క ముక్క తెలియదు. అతని మాట నిలిచింది. నా మాట నిలవలేదు. ఆ పిల్లకు నా జవాబు ఇదే.

ఆ తరవాత ఆఖరు భాగం పెట్టాను. ముగింపని చెప్పుకోవలసింది అందులో ఏమీ లేదు. తీయడం ఆపేశారు, అంతే. ఓడలో దీపాలు ఆరిపోతాయి. ముసలాయన పలక విప్పి, ఒక తీగ మార్చి, దీపాలు వెలిగిస్తాడు. ఓడ మరొక లోకానికి బయలుదేరుతుంది. పెద్ద యంత్రానికి ఏమీ కాలేదు. పాడుకాని ఓడను అతను పందొమ్మిదేళ్ళు బాగుచేశాడు.

చివర కెప్టెన్ తన గదిలోకి వెళ్ళి, పుస్తకం తెరిచి, కలం తీశాడు. ఎడమచేత్తో.

పోయిన ఆదివారం రిజిస్టరు, ఎర్ర సిరా కలం, ఫోను సంచిలో పెట్టుకుని కంకిపాడుకు బందరు రోడ్డు బస్సెక్కాను. అతని భార్య మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. గోడకు ఆ అద్దం ఉంది. నేను పేజీ తెరిచి, 'మరమ్మతుకు వీలుపడలేదు' అన్నచోట గీత గీశాను. 'కుడిచేయి' మీద గీశాను. 'సరిచూడడమైనది' మీద గీశాను. పక్కన సరైనవి రాసి పొట్టి సంతకం చేసి, రెండో సంతకానికి కలం ఆమెకు అందించాను.

"ఇదేంటి అన్నయ్యగారూ?"

"మీ ఆయన మాటే సరైనదని రాశానమ్మా. నువ్వొక సంతకం పెట్టు."

ఆమె కలం తీసుకోలేదు. "నేను చూళ్ళేదు గదండీ ఆ సీరియలు. ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నాను. చూడనిదానికి సంతకం ఎట్టా పెడతాను?"

నా ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ఉత్తరువులన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఆమే మళ్ళీ, "ఫోన్లో ఉందంటన్నారుగా, చూపించండి. చూసి పెడతాను," అంది.

గంటసేపు చూసింది. ముసలాయన పలక విప్పినప్పుడు కొంచెం ముందుకు వంగింది. దీపాలు వెలిగితే, "అయ్యో, ఇంతేనా!" అని నవ్వింది. కెప్టెన్ కలం తీయగానే, "ఎడం చెయ్యే. ఆయన ఆసుపత్రిలో కూడా ఇదే గొడవ," అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని తన పేరు రాసింది.

గుమ్మందాకా వచ్చి అడిగింది: "అప్పుడు మీరు సరిగ్గా చూళ్ళేదా అండీ? పొరపాటు పడ్డారా?"

"అవునమ్మా, పొరపాటే," అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఎర్రగీత పక్కన కారణం రాసే గడి మా రిజిస్టరులో ఏనాడూ లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. దీన్ని రేపు కంకిపాడు తీసుకువెళ్ళి ఆమెకు చదివి వినిపిస్తాను.

అమ్మా, అది పొరపాటు కాదు. ఆ ఆదివారం నేను టీవీ పెట్టలేదు. పెడితే ఎడమచెయ్యి కనిపిస్తుందని నాకు తెలుసు.